ఎలుకల మామ, ఒక చేప పొలుసు

ఎలుకల మామ పోయాడు.

కబురు అందేసరికి నేను గోపాలపట్నం మార్కెట్లో ఉన్నాను. ఒక చేతిలో తోటకూర కట్ట, రెండో చేతిలో బేరం తెగని బెండకాయలు. ఫోన్ చేసింది మామ కూతురు. ఎలమంచిలిలో హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. "సారూ, నాన్న పోనాడండి. పొద్దున్న టీ తాగతా తాగతా పోనాడు" అంది. దానికి నేను అడిగిన మొదటి మాట, "టీ మొత్తం తాగాడా?" అని. ఎందుకలా అడిగానో నాకే తెలియదు. జీవితమంతా రీడింగులు రాసుకుంటూ బతికినవాడికి దుఃఖం వచ్చినా ముందు వివరమే కావాలి కాబోలు. ఆ అమ్మాయి ఏమీ అనుకోలేదు. "సగం తాగినాడండి. సల్లారిపోనాది, మల్లీ మరగబెట్టి తే అన్నాడట. అమ్మ మరగబెట్టి తెచ్చీసరికి..." అని ఆగిపోయింది. బెండకాయలు అక్కడే పెట్టేసి వచ్చేశాను.

మా పాత డిపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో సంగతి పెట్టాను. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పంపారు. ఒక్కాయన మాత్రం పైన ఏముందో చదవకుండా, మామకి పుట్టినరోజు శుభాకాంక్షలు, నిండు నూరేళ్ళు బతకాలి అని రాశాడు. మామ చూసి ఉంటే అందరిలోకీ ఆయన్నే మెచ్చుకునేవాడు.

మీలో ఎవరూ మామని ఎరగరు. విశాఖపట్నంలో నేను పరిశోధన చేసిన చోట పెద్ద భవనానికి వెనకాల, సైకిల్ స్టాండు దాటాక, యానిమల్ హౌస్ అని ఒక పొడుగాటి షెడ్డు ఉండేది. అందులో తెల్ల ఎలుకలు, వాటి ఆలనాపాలనా చూసే మామ. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి ప్రొఫెసర్ల దాకా అందరికీ ఆయన మామే. నేను చేరిన మొదటి రోజే నన్ను అల్లుణ్ణి చేసుకుని, వెంటనే ఒక షరతు పెట్టాడు. "పిలుపుకే అల్లుడివి. నాకో గుంట ఉన్నాది గానీ మూడో తరగతి సదవతన్నాది. ఆశెట్టుకోకు."

మామది తరతరాలుగా సముద్రం మీద వేటాడే కుటుంబం. తాత, తండ్రి, ముగ్గురు అన్నలు, అందరూ వేటకి వెళ్ళేవాళ్ళే. మామకి మాత్రం పడవ ఎక్కితే వాంతులు. హార్బరు దాటి పడవ కాస్త ఊగిందంటే చాలు, తిన్నదంతా చేపలకి సమర్పించేవాడట. "మా నాన్న నాలుగుసార్లు తీసుకెల్లినాడు అల్లుడూ. నాలుగోసారి ఒడ్డుకొచ్చీసి, ఒరే, సేపలు మనకి తిండెట్టాల గానీ మనం సేపలకి పెట్టడమేటి, నువ్వు ఒడ్డునే బతుకు అన్నాడు." అలా ఒడ్డున బతకడానికి వచ్చి ఎలుకల దగ్గర తేలాడు. నేను చేరేనాటికి పన్నెండేళ్ళుగా రోజుకూలీ లెక్కన పని చేస్తున్నాడు. పర్మినెంటు చేసే ఫైలు ఎప్పుడూ పై అంతస్తులో ఎవరో ఒకరి బల్ల మీద ఉండేది.

సముద్రం వదిలినా చేప వదల్లేదు. అత్త, అంటే మామ భార్య, చేపలమ్మేది. తెల్లవారకముందే ఇద్దరూ ఫిషింగ్ హార్బరుకి వెళ్ళేవారు. వేలంపాటలో అత్త పాడుతుంటే మామ వేళ్ళతో చేపల్ని నొక్కి చూసి, పాడమనో వద్దనో కనుబొమ్మలతో చెప్పేవాడు. అత్త బుట్ట ఆటో ఎక్కించి, తను ఒక థర్మాకోల్ డబ్బా నిండా ఐసు పోసుకుని, అందులో మా స్టాఫు చెప్పిన చేపలు సర్దుకుని డ్యూటీకి వచ్చేవాడు. మేడమ్‌కి పండుగప్ప, నాకు కవళ్ళు. మధ్యాహ్నం దాకా ఆ డబ్బా యానిమల్ హౌస్ మూల ఉండేది. ఆ డబ్బాని గుర్తుంచుకోండి. నా పీహెచ్‌డీ దాదాపు అందులోనే మునిగిపోయింది.

అవి సెల్ టవర్ల వల్ల పిచ్చుకలు పోతున్నాయనీ, తలలు వేడెక్కిపోతున్నాయనీ జనం గొడవ పడుతున్న రోజులు. మా గైడు మేడమ్ కృష్ణా జిల్లా మనిషి, మహా స్ట్రిక్టు. గొడవలో ఆవిడకి నచ్చింది ఒక్కటే ప్రశ్న. ఫోన్లు వాడే రేడియో తరంగాలు ఒంటి మీద పడితే, ఒంటి వేడి నిజంగా ఎంత పెరుగుతుంది? మనుషుల్ని పెట్టెలో పెట్టలేం కనుక ఎలుకలు. ఎలుకని చిల్లులున్న ప్లాస్టిక్ గొట్టంలో కూర్చోబెట్టి, ఆ గొట్టాన్ని ఇనప పెట్టెలో పెట్టి, తరంగాలు పంపాలి. ముందూ తర్వాతా సన్నటి తీగలాంటి థర్మామీటరు దాని వెనకవైపు పెట్టి లోపలి వేడి చూడాలి. అదీ నా పని.

మా నాన్న స్టీల్ ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర ఉద్యోగి. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఆ మంటల దగ్గరే జుట్టు నెరిసినవాడు. "వేడి గురించి తెలుసుకోవాలంటే మా ఓవెన్ దగ్గరికి రారా, ఎలకలెందుకు?" అనేవాడు. అమ్మ బాధ వేరు. "పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు అబ్బాయి ఏం చేస్తాడని అడిగితే, ఎలకల వెనకాల తీగలు పెడతాడని చెప్పమంటావా?"

ఆ తీగ దగ్గరే మామ నాకు మొదటి పాఠం చెప్పాడు. నేను ఏసీ గదిలోంచి తీసిన తీగని తిన్నగా ఎలుక దగ్గరికి తీసుకెళ్ళబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "అల్లుడూ, సల్లటి తీగ ఎనకాల పెడితే నువ్వైతే ఊరుకుంటావా?" తీగని తన గుప్పిట్లో కాసేపు పెట్టుకుని, వేడెక్కాక వేజలీన్ రాసి, ఎలుకతో "రా బావా, రా, రెండు నిమిసాల పని" అని బతిమాలాడు. ఎలుక నిజంగానే రెండు నిమిషాలు ఊరుకుంది. మా ఎలుకలన్నీ మగవి. అందరినీ బావా అనే పిలిచేవాడు. ప్రయోగాలన్నీ అయిపోయాక ఎలుకల్ని ఏం చేస్తారో మీకు చెప్పక్కర్లేదు. ఆ రోజు మామ సెలవు పెట్టేవాడు. కారణం అడిగితే, "సుట్టాలు పోనారు" అనేవాడు.

మామకి అస్సలు మింగుడుపడనిది ఒకటుంది. ఎర్ర చీటీ కట్టిన ఎలుకలకి పెట్టె స్విచ్చి వేసేవాళ్ళం. పచ్చ చీటీ ఎలుకల్ని అదే పెట్టెలో అంతసేపూ కూర్చోబెట్టి, స్విచ్చి వేసేవాళ్ళం కాదు. "స్విచ్చెయ్యనప్పుడు పెట్టెలో కూకోబెట్టడమేటి? పెల్లి లేని ఇంట్లో బాజాలా?" అనేవాడు. పోల్చి చూడటానికి మామా అని నేను ఓపిగ్గా చెప్పాను. మొదటి వారం రీడింగులు చూస్తే పచ్చ చీటీవాటికి కూడా వేడి పెరిగింది! స్విచ్చే వేయలేదు, వేడెక్కడిది? నేను జుట్టు పీక్కుంటుంటే మామ చీపురు పక్కన పెట్టి వచ్చాడు. "బయం, అల్లుడూ. బయానికి గూడా జెరం వస్తాది. మా గుంట బడికెల్లిన మొదట్రోజు ఒల్లు కాలిపోనాది. డాక్టరు మందిచ్చినాడు. నాను బడికి సెలవిప్పించినాను. నా మందే పన్చేసినాది."

మేడమ్ ఆ మాట విని, వెంటనే ఒక పరీక్ష పెట్టారు. నేను ఎత్తిన ఎలుకలూ మామ ఎత్తిన ఎలుకలూ వేరువేరుగా కొలిచాం. నా చేతిలోవి వేడెక్కాయి, మామ చేతిలోవి లేదు. అంటే ఎలుకలకి తరంగాల కన్నా నేనే ప్రమాదం అని తేలింది. ఆ రోజు నుంచి మేడమ్ ఆర్డరు: గూట్లోంచి పెట్టెకి, పెట్టెలోంచి కొలిచే బల్లకి ఎలుకల్ని మోసేది మామ ఒక్కడే. నేను వాటి కంట పడకుండా అంకెలు రాసుకోవాలి.

తర్వాత రెండు నెలలు ఏమీ జరగలేదు. తక్కువ పవర్ పెట్టాం కనుక ఎర్ర చీటీలకీ పచ్చ చీటీలకీ తేడా కనబడలేదు. నేను దిగాలుగా కూర్చుంటే మామ, "లోపల తెలవదు గానీ తోక ముట్టుకుని సూడు. ఎర్రచీటీ బావల తోకలు సురుక్కుమంటన్నాయి" అనేవాడు. "తోకతో నాకేం పని మామా, నాకు లోపలి టెంపరేచర్ కావాలి" అని కసిరాను. అలా ఒక్కసారి కాదు, చాలాసార్లు కసిరాను. "కంటికి మోసం సెయ్యొచ్చు అల్లుడూ, సేతికి సెయ్యలేవు" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయేవాడు. చేపల బజారు సామెతలు నా థీసిస్‌కి ఎందుకని నా ఉద్దేశం.

మేడమ్ పవర్ పెంచమన్నారు. పెంచాం. ఈసారి వేడి పెరగాలి. పెరగలేదు సరికదా, తగ్గింది! ఎర్ర చీటీ ఎలుకలన్నీ పెట్టెలోంచి బయటికొచ్చి, ఐదు నిమిషాలు ఆగి, బల్ల మీదికి వచ్చేసరికి మామూలు కన్నా చల్లగా ఉంటున్నాయి. ఒకరోజు కాదు, వారం కాదు, మూడు నెలలు. మేడమ్ నమ్మలేదు. థర్మామీటరు మార్పించారు. గోరువెచ్చని నీళ్ళలో పెట్టి సరిచూపించారు. పెట్టె విప్పించి చూశారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి ఆవిడంతటి మనిషి కూడా కళ్ళజోడు తీసి, "ఏమో, ఉందేమో" అన్నారు. ఆ ఒక్క "ఉందేమో" చాలు, నేను గాల్లో తేలిపోయాను. రేడియో తరంగాలు శరీరాన్ని చల్లబరుస్తాయని ప్రపంచంలో మొదట కనిపెట్టినవాణ్ణి నేను. అమ్మకి చెప్పాను. అమ్మ వీధి మొత్తానికి చెప్పింది. పక్కింటావిడ ఎండాకాలం ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టింది. ఢిల్లీలో సదస్సుకి పంపడానికి వ్యాసం కూడా రాసేశాను.

అది పంపాల్సిన రోజు పొద్దున మేడమ్ ఆఖరిసారి చూస్తానని యానిమల్ హౌస్‌కి వచ్చారు. మామ పెట్టెలోంచి తీసిన ఎర్ర చీటీ ఎలుకని బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. మేడమ్ వంగి చూసి, "ఏమిటిది?" అన్నారు. ఎలుక తోక మొదట్లో ఏదో తళుక్కుమంటోంది. భూతద్దం తెచ్చాను. గుండ్రంగా, పల్చగా, వెండి రంగులో, అంచుల్లో గీతలతో... పొలుసు.

ఒట్టు వేసి చెబుతున్నాను, ఒక్క క్షణం తరంగాల వల్ల ఎలుకకి పొలుసులు మొలిచాయనే అనుకున్నాను. ఆ క్షణంలో నాకు ఢిల్లీ కూడా చిన్నదైపోయింది. మేడమ్ మాత్రం వేలితో పొలుసుని తీసి, వాసన చూసి, "పండుగప్ప" అన్నారు.

మామ తలుపు దగ్గరే ఆగిపోయాడు. ఎవరూ ఏమీ అడగకముందే, "నానే అమ్మా" అన్నాడు.

సంగతేమిటంటే, పవర్ పెంచాక ఎర్ర చీటీ ఎలుకలు పెట్టెలోంచి నీరసంగా, వేడిగా వస్తున్నాయి. మామకి ప్రాణం ఉసూరుమంది. పెట్టెకీ బల్లకీ మధ్య ఆ ఐదు నిమిషాల్లో, నేను అటు తిరిగి అంకెలు రాసుకుంటుండగా, ఇటు గోడవారగా తన థర్మాకోల్ డబ్బా మూత తీసి, ఐసు మీద తడి గోనె పరిచి, దాని మీద ఎలుక గొట్టాన్ని పడుకోబెట్టేవాడు. కాస్త సేద తీరాక బల్ల మీదికి తెచ్చేవాడు. మూడు నెలలుగా నేను కొలుస్తున్నది తరంగాల్ని కాదు, హార్బర్ ఐసుని.

నాకు కోపం నసాళానికంటింది. "నా మూడు నెలలు మామా! నా జీవితం!" అని అరిచాను. ఎలుకలన్నీ ఉలిక్కిపడ్డాయి. మామ నన్ను చూసి కాదు, ఎలుకల్ని చూసి, "అరవకల్లుడూ, ఆటికి జెరమొస్తాది" అన్నాడు.

మేడమ్ నవ్వలేదు. "ఎందుకు చేశావయ్యా ఈ పని? నీ పర్మినెంటు ఫైలు ఈ నెలలోనే సంతకానికి వస్తోంది. ఇది కమిటీకి తెలిస్తే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసమ్మా. తీసేత్తారు." అన్నాడు మామ. "సచ్చిన సేప సల్లగుండాల, బతికున్న పేణం ఎచ్చగుండాల. ఇదొక్కటే నాను సదువుకున్న సదువు. ఎచ్చగుంటే సరే గానీ, కాలిపోతంటే ఎలా సూస్తానమ్మా? తోక పట్టుకుంటే సెయ్యి సురుక్కుమంటన్నాది. అల్లుడికి ఎన్నిసార్లు సెప్పినానో అడగండి."

"తోకా?" అన్నారు మేడమ్. వెళ్ళి పెట్టెలోంచి అప్పుడే తీసిన ఇంకో ఎలుక తోకని రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నారు. తర్వాత పచ్చ చీటీ ఎలుక తోక. మళ్ళీ ఎర్ర చీటీది. నా వైపు తిరిగి, నెమ్మదిగా, నేను చచ్చిపోయేంత నెమ్మదిగా అడిగారు. "ఎలుకకి చెమట పడుతుందా?"

"పట్టదండి."

"మరి ఒంట్లో వేడి ఎలా వదుల్చుకుంటుంది?"

"తోకలోకి రక్తం పంపించి..." అని మధ్యలోనే ఆగిపోయాను. పుస్తకంలో ఆ పేజీ నాకు కంఠతా వచ్చు. పరీక్షలో ఆ ప్రశ్నకి నాకు పూర్తి మార్కులు వచ్చాయి.

"నువ్వు చదివావు, ఆయన ముట్టుకున్నాడు" అన్నారు మేడమ్. అప్పుడు అర్థమైంది. తక్కువ పవర్ పెట్టినప్పుడు ఏమీ జరగలేదని నేను ఏడ్చిన రెండు నెలలూ చాలా జరిగింది. ఎలుక వేడినంతా తోకలోంచి బయటికి తోసేస్తూ లోపలి వేడి పెరగకుండా కాపాడుకుంది. నేను లోపలే చూశాను కనుక నాకేమీ కనబడలేదు. తోక కూడా కొలిస్తే, ఎంతదాకా తోక కాపాడుతుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అనేది తెలుస్తుంది. అదే అసలు థీసిస్.

మేడమ్ రిజిస్టరు తెరిచి నా ముందు పెట్టారు. "ఈ మూడు నెలల రీడింగులూ కొట్టెయ్యి. కారణం నువ్వే రాయి" అని పెన్ను చేతికిచ్చి వెళ్ళిపోయారు. మామ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆయనకి చదవడం రాదు. నేను ఏం రాసినా తెలియదు. కోపం ఇంకా కుతకుతలాడుతూనే ఉంది. అయినా, "గది ఉష్ణోగ్రత అదుపులో లేదు, రీడింగులు రద్దు" అని రాశాను. అబద్ధం కాదు. ఆ గదిలో ఒక మూల ఐసు ఉంది మరి. మరుసటి నెల మామ పర్మినెంటయ్యాడు. స్వీట్లకి బదులు అందరికీ రొయ్యలు పంచాడు. డబ్బా మాత్రం ఆ రోజు నుంచి సైకిల్ స్టాండులోనే ఉండేది.

మళ్ళీ మొదలుపెట్టాం, ఈసారి తోకతో సహా. ఏడాదిన్నర పట్టింది. పవర్ తక్కువగా ఉంటే తోక వేడెక్కింది, లోపల మారలేదు. పెంచితే తోక శక్తి చాలక లోపల కూడా పెరిగింది. ప్రపంచం తలకిందులు కాలేదు, ఢిల్లీ నన్ను పిలవలేదు. కానీ నిఖార్సయిన పని.

ఇక్కడిదాకా నా మంచితనం చెప్పుకున్నాను. ఇకముందు సంగతి చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది.

థీసిస్ మొదట్లో కృతజ్ఞతలు రాస్తారు కదా. మేడమ్‌కి, అమ్మానాన్నలకి, హాస్టల్ మెస్సుకి, ఫోటోస్టాట్ షాపాయనకి కూడా రాశాను. మామ పేరు రాయలేదు. రాస్తే వైవాలో పరీక్షకులు ఈయనెవరు, ఏం చేశాడు అని తవ్వుతారనీ, ఐసు సంగతి బయటపడుతుందనీ, నా డిగ్రీ ఆగుతుందనీ భయం. ఆయన ఉద్యోగం కోసమే దాచానని నాకు నేను చెప్పుకున్నాను. అప్పటికే ఆయన పర్మినెంటు, ఆయనకొచ్చే ప్రమాదం ఏమీ లేదు.

వైవా రోజు బయటి పరీక్షకుడు ఇంగ్లీషులో అడిగాడు, తోకని కొలవాలన్న ఆలోచన చాలా బాగుంది, ఎలా వచ్చిందని. "చదువుతుండగా తట్టిందండి" అని నేనూ ఇంగ్లీషులోనే అన్నాను. సరిగ్గా అప్పుడే మామ టీ ట్రేతో ఆ పరీక్షకుడి పక్కన ఉన్నాడు. కప్పుని వేళ్ళ వెనకవైపుతో తాకి చూసి, వేడిగానే ఉందని తృప్తిపడి, నా ముందు పెట్టాడు. ఇంగ్లీషు రాదు కదా అనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

సాయంత్రం మామ నల్ల అట్ట థీసిస్‌ని రెండు చేతులతో పట్టుకుని తూచినట్టు చూసి, "నా పేరు ఉన్నాదా అల్లుడూ ఇందులో?" అన్నాడు. ఉంది మామా అన్నాను. "ఏదీ, సూపించు." కృతజ్ఞతల పేజీ తెరిచి, ఆఖరి వరస మీద వేలు పెట్టాను. మామ ఆ వరసని వేలితో ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమాడు. "పెద్ద పేరే రాసినావు" అన్నాడు. ఆ పేజీ ఫోటోస్టాట్ తీయించి ఇమ్మన్నాడు. తీయించి ఇచ్చాను.

ఆ తర్వాత నాకు కాలేజీలో ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, మామ రిటైరయ్యాడు. హార్బర్లోనో, బస్టాండులోనో, ఎవరి పెళ్ళిలోనో కనబడ్డ ప్రతిసారీ ఒకటే ప్రశ్న. "అల్లుడూ, నా పేరు ఉన్నాదా, సెరిగిపోనాదా?" ఉంది మామా అనేవాణ్ణి. ఒకసారి నా స్టూడెంట్లందరి ముందూ అడిగాడు. నా చెవులు కాలిపోయాయి. మామ నా చెవి పట్టుకుని చూసి, "పాపం, అల్లుడికి తోక లేదు గదా, ఎక్కడో అక్కడ వదలాల" అని పకపకా నవ్వాడు. వయసు మీద పడి చాదస్తం పెరిగిందనుకున్నాను.

మొన్న వాళ్ళింటికి వెళ్ళేసరికి మామని అద్దె ఫ్రీజర్ పెట్టెలో పడుకోబెట్టి ఉంచారు. పైన అద్దం, పక్కన ఎర్ర అంకెల్లో టెంపరేచరు. నా చెయ్యి దానంతటదే జేబులో పెన్ను కోసం వెళ్ళింది. అక్కడ ఇంకో పేచీ నడుస్తోంది. అత్త వచ్చి ప్లగ్గు పీకుతోంది, మామ అన్న వెళ్ళి మళ్ళీ పెడుతున్నాడు. "ఆయనకి సలి పడదు" అంటుంది అత్త. "సాయంత్రం దాకా ఉంచాల గదమ్మా" అంటాడాయన. అత్త మళ్ళీ పీకుతుంది. జనం ఏడవాలో నవ్వాలో తెలియక పక్కకి తిరుగుతున్నారు. మామ అయితే పెట్టెలో పడుకోబెట్టి స్విచ్చెయ్యకపోవడమేటి అని అడిగేవాడు.

కూతురు నన్ను లోపలికి పిలిచి, ప్లాస్టిక్ కవర్లో పెట్టిన కాగితం చూపించింది. పసుపు రంగుకి తిరిగిన ఫోటోస్టాట్ పేజీ. ఇంగ్లీషు టీచరు ముందు దొరికిపోయాను.

"అమ్మా, అది..." అని మొదలుపెట్టాను.

"నాను పదో తరగతిలోనే సదివేసినాను సారూ" అంది. ఆ అమ్మాయి ఏడుస్తూనే నవ్వుతోంది. ఆ ఆఖరి వరసలో నేను రాసింది ఇది: ఎవరు లేకపోతే ఈ పని జరిగి ఉండేది కాదో, ఆ మూగ ప్రాణులకి కృతజ్ఞతలు. "నాన్నా, ఇందులో నీ పేరు లేదు, ఎలకల గురించి రాసినారు అని సెప్పినాను. కోపమొస్తాదనుకున్నాను. మంచం మీంచి పడిపోయేలా నవ్వినాడండి. అల్లుడు నన్ను ఎలకల్లో కలిపీసినాడే, కలిపితే కలిపినాడు, ఆటికి మాత్రం నాను కాక ఎవలున్నారు అన్నాడు. మీకు సెప్పొద్దన్నాడు. తెలిస్తే సిగ్గుపడిపోతాడు, అప్పుడప్పుడూ నానే అడిగి కొంచెం ఎచ్చబెడతాను అన్నాడు."

అంటే ఇన్నేళ్ళూ తెలిసే అడిగాడు. ప్రతిసారీ తెలిసే నవ్వాడు. ఆ పేజీ చేతిలో పెట్టుకుని ఆ ఇంట్లో అందరికన్నా గట్టిగా ఏడ్చింది నేనే. కనీసం ఇప్పుడైనా పేపర్లో పేరు రాస్తానమ్మా అన్నాను. అత్త గుమ్మంలోంచి విని, "వొద్దు. ఎలకలకి పేర్లేసినావేటి, ఆయనకెయ్యడానికి? ఆటితోనే ఉండనీ" అంది. అందుకే ఇక్కడ కూడా ఆయన పేరు లేదు. తోక సంగతి చెప్పింది మాత్రం మామే. చదువుతుండగా నాకేమీ తట్టలేదు.

సాయంత్రం పెట్టె తెరిచి, మామని పెరట్లో బల్ల మీదికి దించారు. ఆఖరి స్నానానికి మామ అన్న కుళాయి నీళ్ళు పట్టిస్తుంటే అత్త అడ్డం పడింది. బయట కట్టెల పొయ్యి మీద అండా ఎక్కించింది. టైము అయిపోతోందని మగవాళ్ళు విసుక్కున్నా వినలేదు. నీళ్ళు కాగాక బకెట్లో చన్నీళ్ళు కలిపి తొరిపి, వేళ్ళ వెనకవైపు ముంచి చూసింది. నచ్చలేదు. ఇంకో చెంబు చన్నీళ్ళు పోసింది. మళ్ళీ చూసింది. ఎటూ తేలక, అందరిలోనూ నా వైపు తిరిగి, "నువ్వు సూడు అల్లుడూ. ఆయనకి సరిపోతాయా?" అంది.

నేను థర్మామీటర్లతో బతికినవాణ్ణి. చొక్కా చెయ్యి పైకి మడిచి, మామ చూసినట్టే వేళ్ళ వెనకవైపు నీళ్ళలో ముంచాను. సముద్రం మీంచి గాలి కొట్టి బకెట్లోంచి లేస్తున్న ఆవిరి బల్ల వైపు వెళుతోంది.

"సరిపోయాయత్తా" అన్నాను. "వెచ్చగా ఉన్నాయి."